నువ్వు రాసే వాక్యం మంచం దాకా వెళ్తుంది

చిన్నీ,

నీ నర్సింగ్ పరిశోధనలో రివ్యూ ఆఫ్ లిటరేచర్ కోసం, అంటే ఇప్పటిదాకా వచ్చిన పరిశోధనల సమీక్ష కోసం, పోగుచేసిన వాటిలో సగం మీ గైడ్ పనికిరావని కొట్టేశారని చెప్పావు. ఫోన్లో సర్దిచెప్పాను గానీ, వివరంగా రాస్తేనే నీ టెన్షన్ తగ్గుతుందనిపించింది. ఆవిడ కొట్టేసిన లిస్టు చూశాను. ఆరోగ్య చిట్కాల పేజీలు, పరుపుల కంపెనీ రాసుకున్న వ్యాసం, ఎవరో పెట్టిన స్లైడ్లు. వాటిలో ఉన్నది నిజమే కావచ్చు. కానీ ఎవరు, ఎంతమంది పేషెంట్లను, ఎన్నాళ్లు చూసి ఆ మాట తేల్చారో ఎక్కడా లేదు. ఇన్నేళ్లు వార్డులో పనిచేసిన దాన్ని కాబట్టి చెబుతున్నాను, ఇవాళ నువ్వు రాసే వాక్యం రేపు ఆస్పత్రిలో అందరూ పాటించే ప్రోటోకాల్‌లోకి ఎక్కి ఒక పేషెంట్ మంచం దాకా వెళ్తుంది. అందుకే మీ గైడ్ అంత పట్టుదలగా ఉన్నారు. ఆవిడ మీద కోపం పెట్టుకోకు.

మూలాన్ని చదవకుండా మాట అరువు తెచ్చుకుంటే ఏమవుతుందో ఒకటి చెప్తాను. 1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అయిదు వాక్యాల లేఖ ఒకటి వచ్చింది. ఆస్పత్రిలో ఉండగా కనీసం ఒక్కసారైనా నార్కోటిక్ మందు, అంటే మార్ఫిన్ లాంటి గట్టి నొప్పిమందు, తీసుకున్న 11,882 మందిలో, అంతకుముందు వ్యసనం లేనివాళ్లలో నలుగురే వ్యసనానికి లోనైనట్టు తేలిందని అందులో ఉంది. అంతే. ఇంటికెళ్లాక నెలల తరబడి వాడేవాళ్ల గురించి ఒక్క ముక్క లేదు. అయినా ఏళ్ల తరబడి ఒకరిని చూసి ఒకరు దాన్ని ఉదహరిస్తూ పోయారు. 2017లో అదే జర్నల్‌లో కొందరు లెక్క తీశారు. ఆ లేఖను ప్రస్తావించిన రచనలు 608. వాటిలో నూటికి 72 దాకా, ఈ మందులతో వ్యసనం అరుదు అనడానికి దాన్నే రుజువుగా చూపించాయి. నూటికి 80కి పైగా, ఆ పేషెంట్లు ఆస్పత్రిలో ఉన్నవాళ్లన్న సంగతే చెప్పలేదు. ఆ ధీమాతో మందులు రాయించుకున్న కుటుంబాల సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఇక నీ టాపిక్, కదల్లేక మంచాన ఉన్నవాళ్లకు ఒత్తిడి వల్ల పడే పుండ్లు, అంటే బెడ్‌సోర్స్. వెతకడానికి ముందు ప్రశ్నను పీకో పద్ధతిలో ఒక కాగితం మీద పెట్టుకో. ఎవరు పేషెంట్లు, ఏం చేస్తున్నాం, దేనితో పోలుస్తున్నాం, ఏ ఫలితం చూస్తున్నాం. "బెడ్‌సోర్స్ నివారణలో నర్సు పాత్ర" అని వెతికితే సముద్రంలో పడతావు. "మంచం దిగలేని పెద్దవాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పితే, నాలుగు గంటలకోసారి తిప్పినదానికంటే పుండ్లు తగ్గుతాయా" అని అడిగితే దారి దొరుకుతుంది.

పబ్‌మెడ్‌లో మొదలుపెట్టు. వైద్య పరిశోధన పేపర్లు వెతుక్కునే సైట్ అది, అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ నడుపుతుంది, డబ్బులు కట్టక్కర్లేదు. ఈ పుండునే పాత పేపర్లలో డెక్యూబిటస్ అల్సర్ అని, తర్వాత ప్రెషర్ అల్సర్ అని, 2016 తర్వాత చాలాచోట్ల ప్రెషర్ ఇంజురీ అని రాశారు. ఒక్క పేరుతో వెతికితే మిగతావి జారిపోతాయి. అన్నిటినీ ఆర్‌తో కలిపి వెతుకు, అంటే ఆ పేర్లలో ఏదున్నా చూపించమని అడుగు. మెష్ పదం కూడా చూసుకో, ఒకే విషయానికి ఉన్న రకరకాల పేర్లను అది ఒక గొడుగు కిందికి తెస్తుంది. నర్సింగ్ పేపర్లు ప్రత్యేకంగా ఉండేది సినాల్‌లో. దానికి చందా కావాలి, కాబట్టి మీ లైబ్రేరియన్ దగ్గరికి మొహమాటం లేకుండా వెళ్లి అడుగు. కాక్రేన్ లైబ్రరీలో సిస్టమాటిక్ రివ్యూ, అంటే ఒక ప్రశ్న మీద వచ్చిన పరిశోధనలన్నీ జల్లెడ పట్టి తేల్చిన సమీక్ష, ఉందేమో ముందే చూస్తే నీ పని చాలా తేలికవుతుంది.

దొరికిన పేపర్ చదవడం దగ్గరే అసలు కష్టం. 2013లో వచ్చిన టర్న్ స్టడీ నీకు తప్పకుండా తగులుతుంది. అమెరికా, కెనడాల్లోని 27 నర్సింగ్ హోముల్లో 942 మందిని రెండు, మూడు, నాలుగు గంటలకోసారి తిప్పి చూశారు. పుండ్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇక్కడికే ఆగితే, నాలుగు గంటలకోసారి తిప్పినా చాలని రాసేస్తావు. పరిశోధన ఎలా చేశారో చెప్పే మెథడ్స్ భాగం చదివితే వాళ్లంతా హై డెన్సిటీ ఫోమ్ పరుపుల మీద ఉన్నారని, 65 దాటినవాళ్లని, మొదలుపెట్టేటప్పటికి పుండ్లు లేనివాళ్లని, చూసింది మూడు వారాలేనని తెలుస్తుంది. మామూలు పరుపు మీద పడుకున్న ఐసీయూ పేషెంటుకు ఆ ఫలితాన్ని అంటగట్టడం అన్యాయం. కాబట్టి అబ్‌స్ట్రాక్ట్‌తో ఆపకు, అది పేపర్ సారాంశం మాత్రమే. ఫుల్ టెక్స్ట్ పబ్‌మెడ్ సెంట్రల్‌లో ఉచితంగా ఉండొచ్చు, లేకపోతే లైబ్రరీ ద్వారా తెప్పించుకో.

గత అయిదేళ్ల పేపర్లే వాడాలని చాలా కాలేజీల్లో అంటారు. మంచి అలవాటే గానీ గుడ్డిగా వద్దు. ఎవరికి పుండ్లు పడే ప్రమాదం ఎంతుందో లెక్కగట్టే బ్రేడెన్ స్కేల్ గురించి రాస్తే 1987 నాటి అసలు పేపర్ ఇవ్వాల్సిందే.

డబ్బు తీసుకుని ఏదైనా అచ్చేసే జర్నల్స్ కూడా బోలెడు. పేరు గొప్పగా ఉంటుంది, రోజుల్లో అచ్చేస్తామంటారు, ఎడిటర్లెవరో సరిగ్గా తెలియదు. పబ్‌మెడ్‌లో కనిపించింది కదా అని ధీమా పడకు, అక్కడున్న ప్రతి జర్నల్, నాణ్యత చూసి జర్నల్స్ చేర్చుకునే మెడ్‌లైన్ పరిశీలన దాటినది కాదు. ఉచిత జర్నల్ అయితే డీఓఏజే అనే, నమ్మదగ్గ ఉచిత జర్నల్స్ జాబితాలో ఉందో లేదో చూడు. పేపర్ పైన రిట్రాక్టెడ్, అంటే వెనక్కి తీసుకున్నది, అని ఉందేమో గమనించు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాకు, ఆటిజానికి ముడిపెట్టిన 1998 నాటి లాన్సెట్ పేపర్‌ను 2010లో గానీ వెనక్కి తీసుకోలేదు. ఈలోగా ఎందరు తల్లులు భయపడి టీకా మానేశారో.

ఏఐని అడిగి రిఫరెన్సులు తెచ్చుకుంటున్నానన్నావు. ప్రశ్నను సానబెట్టుకోవడానికి వాడుకో, కాదనను. కానీ లేని పేపర్‌ను ఉన్నట్టే, రచయితల పేర్లతో సహా అల్లి ఇచ్చేస్తుంది. ప్రతి దాని డీఓఐ, అంటే ఆ పేపరుకిచ్చిన శాశ్వత లింకు, నొక్కి, ఆ పేపరే తెరుచుకుందో లేదో నీ కళ్లతో చూసుకో.

ఈ వారం కొత్తవి వెతకకు. చేతిలో ఉన్నవాటికి ఒక పట్టిక గీసుకో. పేషెంట్లెవరు, ఎంతమంది, ఏం చేశారు, ఏం తేలింది, లోపమేంటి. పూర్తిగా చదవనివాటి పక్కన చుక్క పెట్టు. ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఆ చుక్కలున్నవి ఇద్దరం కలిసి చదువుదాం. రాత్రి మరీ పొద్దుపోయేదాకా కూర్చోకు.

ప్రేమతో,
అమ్మ