వయొలిన్ పెట్టె సంగతి

చిరంజీవి జయకి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ అమ్మ మోకాలు ఎప్పటిలాగే. బుజ్జిగాడి పరీక్షలు అయిపోయాయి. ప్రత్యేకంగా సంగతేం లేదు, ఊరికే రాస్తున్నాను. ఫోన్ ఎత్తవు కదా. ఉత్తరమైతే ఓ మూల పడుంటుంది, ఎప్పుడో ఓసారి విప్పుతావు.

మొన్న శారద వచ్చి, నువ్వు వయొలిన్ ఎవరికో ఇచ్చేశావట అంది. అమ్మావో, ఊరికే ఇచ్చావో తనకీ సరిగ్గా తెలీదు. శారద మాటల్లో సగం తీసెయ్యాలని నీకు తెలుసుగా. నేను పట్టించుకోలేదు. నీ వస్తువు, నీ ఇష్టం.

చెయ్యి ఎలా ఉంది? డాక్టరు చెప్పింది నాకు మొదటిసారి బుర్రకెక్కలేదు, మళ్లీ వెళ్లి అడిగాను. నీకొచ్చిన ఈ ఫోకల్ డిస్టోనియా జబ్బులో కండరం బాగానే ఉంటుందట. మెదడులో ఒక్కో వేలికీ ఉండే చోటు పక్కవేలి చోటుతో కలిసిపోతుందట. అందుకే ఉంగరపు వేలు వెయ్యబోతే చిటికెన వేలు ముడుచుకుపోతుంది. నీ అదే చెయ్యి జడ వేస్తుంది, బొత్తాలు పెడుతుంది, తీగ మీదకి వెళ్తేనే మాట వినదు. నొప్పీ లేదాయె, చూసేవాళ్లకి నటనలా ఉంటుంది. చూసేవాళ్లకేమిటి, నాకే అలా అనిపించింది. ఆ ఏడాదంతా నీ గది గుమ్మంలో నిలబడి "ఇంకో గంట చెయ్, అదే దారికొస్తుంది" అన్నది నేనే కదా. సాధన పెంచేకొద్దీ ముదిరే జబ్బొకటి ఉంటుందని నాకేం తెలుసు. సరే, అది వదిలెయ్.

లియోన్ ఫ్లైషర్ అనే పియానో ఆయన గురించి చదివాను. 1964లో, 36 ఏళ్లకి, కుడిచేతి చివరి రెండు వేళ్లు ముడుచుకుపోయాయి. ఆయనా మొదట సాధన పెంచాడట, నాలాంటి తండ్రి గుమ్మంలో లేకపోయినా. తర్వాత ఎడమచేతి ఒక్కదానికే రాసినవి వాయించాడు, పాఠాలు చెప్పాడు, ఆర్కెస్ట్రా నడిపాడు. దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత బోటాక్స్ సూదులతో మళ్లీ రెండు చేతులా వాయించాడు. జబ్బు పోలేదు, అదుపులోకి వచ్చింది. నీకూ అలాగే అవుతుందని చెప్పను. చెల్లో వాయించే జాక్విలిన్ డు ప్రేకి 1973 తర్వాత వేదికే లేదు, మల్టిపుల్ స్క్లిరోసిస్ అనే నరాల జబ్బు. అప్పటికి ఆవిడకి 28. ఫ్లైషర్ కథ ఒక్కటే చెప్పి భుజం తట్టేవాళ్లుంటారు, వాళ్లని దూరం పెట్టు.

వేళకి తిను. రాత్రి పన్నెండు దాకా ఆ ఫోన్ చూడకు. ఉపన్యాసం ఇవ్వకూడదనే కూర్చున్నాను.

తాతయ్య గొంతు పోయిన సంగతి నీకు ముక్కలుగానే తెలుసు. ఆపరేషన్ తర్వాత గుసగుస తప్ప స్వరం లేదు. రేడియో పెడితే కట్టెయ్యమని సైగ. ఆ రోజుల్లోనే పక్కింట్లో ఓ కుర్రాడు సంగీతం మొదలుపెట్టాడు. తాతయ్య మూడు రోజులు కిటికీలు మూయించాడు. నాలుగో రోజు ఓ చీటీ రాసి నా చేతికిచ్చాడు, "రిషభం తగ్గుతోంది" అని. నాకు పదేళ్లు. గోడ దూకి ఇచ్చి వచ్చాను. కాసేపటికి మళ్లీ అదే తప్పు, మళ్లీ చీటీ. ఆ వేసవంతా మోకాళ్లు గీరుకుపోయేలా గోడ దూకాను. "అక్కడ ఊపిరి తీసుకోకు", "తాళం పరిగెడుతోంది", ఇవే. ఓసారి "బాగుంది" అని రాశాడు. చీటీ నా చేతిదాకా వచ్చాక లాక్కుని చించేశాడు. తర్వాత ఆ కుర్రాడే ఇటు రావడం మొదలుపెట్టాడు. ఎనిమిదేళ్లు వచ్చాడు. అలాగని తాతయ్య సుఖపడ్డాడని అనుకోకు, చివరిదాకా రేడియో కట్టెయ్యమనే సైగ చేశాడు. ఒక్క చీటీలు రాసేటప్పుడు మాత్రం విసుక్కోవడం నేను చూడలేదు.

నువ్వు పాఠాలు చెప్పాలని దీనర్థం కాదు. ఏదో గుర్తొచ్చి రాశాను.

వయొలిన్ ఇంకా నీ దగ్గరే ఉంటే, వాయించకపోయినా పెట్టె తెరిచి ఓసారి చూడు. తడి తగిలేచోట పెట్టకు. తీగలు కాస్త సడలించు, మొత్తం వదలకు. బిగువు పోతే తీగల్ని ఎత్తిపట్టే గుర్రం (బ్రిడ్జి) పడిపోతుంది, లోపల నిలబెట్టిన కర్రముక్కా ఒరిగిపోతుంది. దాన్ని మళ్లీ నిలబెట్టడం మనవల్ల అయ్యే పని కాదు. ఇచ్చేసి ఉంటే, ఎవరికిచ్చావో వాళ్లకైనా ఈ మాట చెప్పు.

ఆదివారం పొద్దున్న నేను ఫోన్ దగ్గరే ఉంటాను.

నాన్న