పాత గేమ్‌లను టీవీ నిండా సాగదీయకండి

సంపాదకులకు,

చేతిలో పట్టుకుని ఆడే పాత గేమ్‌లను టీవీలో ఆడుకోవడం కొత్త సంగతేం కాదు. చేతిలో పట్టుకుని ఆడే గేమ్ బాయ్ ఆటలను టీవీలో చూపించడానికి 1994లోనే నింటెండో కంపెనీ సూపర్ గేమ్ బాయ్ తెచ్చింది, 2003లో టీవీకి కలిపి ఆడే గేమ్‌క్యూబ్ యంత్రం అడుగున బిగించే గేమ్ బాయ్ ప్లేయర్ వచ్చింది, మన పాత క్యాసెట్ పెడితే చాలు, టీవీలో ఆట మొదలయ్యేది. ఇప్పుడు నింటెండో వాళ్ల స్విచ్ గేమ్ యంత్రంలో చందా కట్టినన్నాళ్లే ఆ ఆటలు, ఇంట్లో ఉన్న క్యాసెట్ పెట్టే చోటే లేదు. ఇది చాలా అన్యాయం.

ఇంకో మాట. గేమ్ బాయ్ బొమ్మ అడ్డంగా 160, నిలువుగా 144 చుక్కలే, దాన్ని వెడల్పు టీవీ నిండా సాగదీస్తే మారియో పొట్టిగా, లావుగా కనిపిస్తాడు. పక్కన నల్ల పట్టీలు ఉంటే ఉండనివ్వండి! మీ టెక్నాలజీ పేజీలో ఈ సెట్టింగుల గురించి కాస్త వివరంగా రాయండి.

– ఒక పాఠకుడు, విజయవాడ