వైడ్ లెన్స్ కొనేముందు మూలలు చూసుకోండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం ఫిల్మ్ ఫోటోగ్రఫీ మళ్లీ వస్తోందని ఫుల్ పేజీ వేశారు, చూసి సంతోషమేసింది, పెద్ద కెమెరాల గురించి తెలుగులో రాసేవాళ్లే తక్కువ. కానీ లార్జ్ ఫార్మాట్, అంటే పెద్ద ఫిల్మ్ షీట్లు వేసే కెమెరాల దగ్గరికొచ్చేసరికి ల్యాండ్‌స్కేప్‌కి దొరికినంతలో అన్నిటికన్నా వైడ్ లెన్స్ (ఎక్కువ వెడల్పు దృశ్యం పట్టేది) కొనుక్కోమని ఒక్క ముక్కలో తేల్చేశారు చూశారా, అక్కడ నాకు మండింది. అదే లెక్కన కొని చేతులు కాల్చుకున్నవాణ్ని, అందుకే రాస్తున్నా, కొంచెం పొడుగైనా కత్తిరించకండి.

నాది 4×5 ఫీల్డ్ కెమెరా, అంటే నాలుగంగుళాలు బై అయిదంగుళాల ఫిల్మ్ షీటు వేసే, మడిచి మోసుకెళ్లే రకం. మూడేళ్ల కిందట ఒక షాపులో పాత 90 ఎంఎం లెన్స్ కనపడింది, అరచేతిలో ఇమిడిపోయేంత ఉంది, రేటు కూడా పర్లేదు, 4×5కి 90 అంటే మామూలు 35 ఎంఎం ఫిల్మ్ కెమెరాలో 28 ఎంఎం వైడ్ లాంటిది కాబట్టి ఇంకేం ఆలోచించకుండా తీసేసుకున్నా. షాపాయన "4×5 మొత్తం కవర్ చేస్తుంది సార్" అన్నాడు. అబద్ధమేం కాదు, సరిగ్గా అంతవరకే చేస్తుంది, కాస్త కదిపితే అయిపోయింది.

దాన్ని పట్టుకుని గండికోట వెళ్లా. తెల్లారకముందే పెన్నా లోయ అంచున ట్రైపాడ్ వేశా. కెమెరాని కిందికి వంచితే ఆ రాతి గోడలు వాలిపోయినట్టు వస్తాయి కదా, అందుకని బాడీ నిటారుగానే ఉంచి ముందు లెన్స్ బోర్డుని మాత్రం కిందికి దించాలి, ఇంత బరువు మోసుకెళ్లేదే ఆ సుఖం కోసం. దించా. నల్ల గుడ్డ కప్పుకుని గ్రౌండ్ గ్లాస్ (కెమెరా వెనకాల బొమ్మ పడే గరుకు అద్దం) చూస్తే లోయ తలకిందులుగా మసకమసగ్గా ఉంది, పై మూలలు నల్లగా ఉంటే ఇంకా వెలుతురు రాలేదు కదాలే అనుకున్నా. వెనకాల ఎవరో కుర్రాళ్లు "అన్నా ఏం సినిమా" అని ఒకటే గొడవ. నాలుగు షీట్లు తీసి ఇంటికొచ్చి డెవలప్ చేస్తే నాలుగింటిలోనూ లోయ బ్రహ్మాండం, ముందున్న రాళ్ల దగ్గర రెండు మూలలు మాత్రం నెగటివ్‌లో ఖాళీ ప్లాస్టిక్, ప్రింటులో నల్లటి ముక్కలు. బొమ్మ తిరగబడి కనిపిస్తుంది కాబట్టి నేను పైన చూసిన నలుపే అది!

విషయం ఏంటంటే లెన్స్ వేసే బొమ్మ గుండ్రంగా ఉంటుంది, దాన్నే ఇమేజ్ సర్కిల్ అంటారు. 4×5 ఫిల్మ్ మూల నుంచి మూలకి సుమారు 154 మిల్లీమీటర్లు, సర్కిల్ కూడా అంతే ఉంటే లెన్స్ జరపడానికి చోటే లేదు. ఇప్పుడు నేను వాడే నికాన్ 90 ఎంఎం ఎఫ్ 8కి ఎఫ్ 22 దగ్గర (ఎఫ్ నంబరు పెరిగేకొద్దీ లెన్స్ కన్నం చిన్నదవుతుంది) సర్కిల్ 235 మిల్లీమీటర్లు, ష్నైడర్ సూపర్ ఆంగులాన్ ఎఫ్ 8కి 216, రోడెన్‌స్టాక్ గ్రాండగాన్ ఎఫ్ 6.8కి 221, వీటిల్లో ఏదైనా సరే, కెమెరా ఒప్పుకుంటే అడ్డంగా పెట్టిన ఫ్రేములో నాలుగు సెంటీమీటర్ల పైనే దించొచ్చు. అదే ఇంకా వైడ్ కావాలని 65 ఎంఎం సూపర్ ఆంగులాన్ ఎఫ్ 5.6కి పోతే సర్కిల్ 170, ఒక సెంటీమీటరు కదిలితే గొప్ప. పైగా బెలోస్, అంటే కెమెరా ముందుకీ వెనక్కీ మధ్య ఉండే మడతల గొట్టం, నొక్కుకుపోయి కదలనే కదలదు, మెత్తటి సంచిలాంటి బ్యాగ్ బెలోస్ కొనాలి, అంచులు చీకటి పడతాయి కాబట్టి మధ్యలో వెలుతురు తగ్గించి సరిచేసే సెంటర్ ఫిల్టర్ కూడా కొనాలి, నిలువు ఫ్రేములో లెన్స్ కింద ఉండే కెమెరా బెడ్డే ఫోటోలో పడుతుంది. ఇంత చేశాక చూస్తే అంత పెద్ద పెన్నా లోయ పిల్లకాలువలా కనపడుతుంది.

90లోనే కన్నం పెద్దదైన ఎఫ్ 4.5 కొనమని కూడా రాశారు. గ్లాస్ మీద వెలుతురు బాగుంటుంది, కాదనను, కానీ నికాన్‌లోనే ఎఫ్ 8ది 360 గ్రాములు, ఎఫ్ 4.5ది 600, ఫిల్టర్లు కూడా 67 ఎంఎం బదులు 82. కారు పక్కనే నిలబడి తీసేవాళ్లు కొనుక్కోవచ్చు, నడిచేవాళ్లకి ఎఫ్ 8 చాలు, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా గుడ్డ కింద రెండు నిమిషాలు ఓపిక పట్టాలంతే.

అసలు ల్యాండ్‌స్కేప్ అంటే వైడే అని ఎవరన్నారో నాకర్థం కాదు. అమెరికాలో ల్యాండ్‌స్కేప్‌లకి పేరుపడ్డ ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూ మెక్సికోలో తీసిన చంద్రోదయం ఫోటో 8×10 అంగుళాల కెమెరాలో 23 అంగుళాల లెన్స్‌తో తీసింది, ఆ సైజుకి వైడూ కాని దూరానిదీ కాని నార్మల్ లెన్స్‌కి దాదాపు రెట్టింపు, అంటే వైడ్‌కి పూర్తిగా ఎదురు.

సరే, కొనేవాళ్లకి ఒక్కటి. చాలా కెమెరాల్లో గ్రౌండ్ గ్లాస్ నాలుగు మూలలూ కొంచెం కోసేసి ఉంటాయి, అది పగిలింది కాదు, కావాలని కోసిందే. లెన్స్‌ని ఎఫ్ 22కి మూసి, మీకు కావలసినంత దించి, ఆ సందులోంచి ఒక కన్నుతో లెన్స్ కన్నంలోకి చూడండి. కన్నం పూర్తిగా కనపడితే పర్లేదు, రెండు కొసలూ మొనదేలి పిల్లి కన్నులా ఉంటే ఆ మూల చీకటి పడుతుంది, అసలే కనపడకపోతే నల్లగా పోయినట్టే. డబ్బులిచ్చే ముందే షాపులో చూసుకోండి, నాలాగా గండికోటలో కాదు.

ఆ వ్యాసం రాసినాయన ఎప్పుడైనా ఇటు వస్తే చెప్పండి, నా నల్ల గుడ్డ కింద ఒకసారి తల పెట్టిస్తా.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
ప్రొద్దుటూరు