2,222 అనే అంకె వెనక ఉన్న పని

సంపాదకులకు,

అయ్యా,

జూలై మొదటి వారం వచ్చిందంటే ఒంగోలు వైపు బాప్టిస్టు సంఘాల్లో ఒక అంకె వినిపిస్తుంది: 2,222. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున బాప్తిస్మం తీసుకున్నవారి సంఖ్య అది. దీనిమీద వచ్చే రాతలు దాదాపు ఎప్పుడూ రెండు రకాలే. ఒక వర్గం ఆ రోజును ఉన్నట్టుండి ఊడిపడిన అద్భుతంగా చెబుతుంది. ఇంకో వర్గం కరువులో గంజి పోసి మతం మార్చారంటుంది. ఒకరు పొగుడుతున్నారు, ఒకరు తిడుతున్నారు. కానీ ఆ రోజు వరకూ జరిగిన పని ఏమిటో ఇద్దరికీ పట్టినట్టు లేదు. ఆ పని గురించి రాయడానికే ఈ ఉత్తరం.

అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున శామ్యూల్ డే 1836లో విశాఖపట్నంలో దిగారు. అక్కడ లండన్ మిషన్ వారు 1805 నుంచే ఉన్నారు. ఆయన శ్రీకాకుళం వెళ్ళారు, తర్వాత మద్రాసు వెళ్ళారు. మద్రాసు తమిళం ఎక్కువున్న పట్నం, తాను వచ్చింది తెలుగువారి కోసం. ఇలా సరైన చోటు వెతుక్కోవడంలోనే నాలుగేళ్ళు పోయి, 1840లో నెల్లూరు చేరారు. ఆరోగ్యం పాడై 1846లో అమెరికా తిరిగి వెళ్ళిపోయారు. ఈ మిషన్‌ను మూసేద్దామా అన్న చర్చ అక్కడి పెద్దల దగ్గరకు 1848లో ఒకసారి, 1853లో ఒకసారి, 1862లో ఇంకోసారి వచ్చింది. ఖర్చు ఉంది, ఫలితం లేదు అన్నదే వాదన. లెక్క ప్రకారం చూస్తే ఆ వాదనలో తప్పేమీ లేదు కూడా. 1849లో వచ్చిన లైమన్ జూయెట్ 1862 చర్చలో, మీరు పంపకపోయినా నేను ఒక్కణ్ణే నెల్లూరుకు తిరిగి పోతానని తేల్చి చెప్పారు. అలాగైతే ఆయన్ను పాతిపెట్టడానికైనా తోడుగా ఎవరినో ఒకరిని పంపాలి కదా అని మిషన్ కార్యదర్శి అన్నట్టు చెప్పుకుంటారు. అప్పుడు వెతికి పంపిన మనిషే జాన్ ఎవరెట్ క్లౌ. 1865లో నెల్లూరు వచ్చారు, మరుసటి ఏడు ఒంగోలులో కాపురం పెట్టారు.

ఒంగోలు ప్రార్థన కొండ గురించి చెప్పేటప్పుడు సాధారణంగా జూయెట్ పేరొక్కటే వస్తుంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ కొండ ఎక్కినవారు ఐదుగురు. జూయెట్ దంపతులు కాక మిగిలిన ముగ్గురూ ఈ నేల మనుషులే: క్రిస్టియన్ నరసు, జూలియా, రూతు. ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని వారు ప్రార్థించారు. ఆ మిషనరీ రావడానికి పన్నెండేళ్ళు పట్టింది.

అసలు మలుపు తిప్పిన మనిషి యర్రగుంట్ల పేరయ్య. ఒంగోలుకు పడమర నలభై మైళ్ళ దూరంలో ఉన్న తాళ్ళకొండపాడు ఆయన ఊరు. మాదిగ కులం, తోళ్ళ వ్యాపారం. అంతకు ముందే యోగమార్గం పట్టి, ఊళ్ళలో బోధకుడిగా నలుగురిలో మాట చెల్లే స్థితిలో ఉన్నవారు. తోళ్ళ కోసం ఉత్తరంగా ఏలూరు వైపు వెళ్ళినప్పుడు ఈ కొత్త మతం మాట విన్నారు. 1866లో భార్య నాగమ్మతో కలిసి ఒంగోలు వచ్చి జూయెట్ చేతుల మీదుగా బాప్తిస్మం తీసుకున్నారు. ఇంటికి వెళ్ళి ఊరకే కూర్చోలేదు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మందితో ఏర్పడిన కొద్ది రోజులకే వచ్చి, మా ఊరి పక్క పల్లెల్లో నమ్మినవారు ఉన్నారు, వచ్చి చూడండని క్లౌను పిలిచారు. క్లౌ వెళ్ళి కొన్ని రోజులు అక్కడే ఉండి, ఒక్కొక్కరినీ ప్రశ్నించి, 28 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అంటే దొర వెళ్ళేసరికే పని జరిగి ఉంది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. క్లౌ ఒంగోలులో పెట్టిన బడిలో మొదట అగ్రవర్ణాల పిల్లలు ఉండేవారు. మాదిగలను చేర్చుకుంటే మేం రాం అని వారు స్పష్టంగా చెప్పారు. క్లౌ ఒక గదిలో, ఆయన భార్య హారియెట్ ఇంకో గదిలో వేర్వేరుగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రిక మొదటి అధ్యాయంలో ఒకే భాగం తగిలిందని, దాంతో మాదిగలను చేర్చుకోవాలన్న నిర్ణయం జరిగిందని వారే రాసుకున్నారు. దైవనిర్ణయం అనండి, కాకతాళీయం అనండి, మీ ఇష్టం. దాని ఫలితం మాత్రం బడి ఖాళీ కావడం.

సంఘంలో చేరేవారికి మూడు నియమాలు పెట్టారు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. కాగితం మీద చూస్తే ఇవి చిన్న విషయాల్లా కనిపిస్తాయి. ఆనాటి పల్లె కట్టుబాటు తెలిస్తేనే వీటి బరువు అర్థమవుతుంది. ఊళ్ళో చచ్చిన పశువు మాదిగ ఇంటికి చేరేది. తోలు తీసి ఊనవేసి రైతుకు బావి నీళ్ళు తోడే కపిల తోలు, చెప్పులు, కాడికి పట్టెడలు చేసి ఇవ్వాలి. దానికి బదులుగా దక్కేది కల్లంలో కొలిచే కాసిని గింజలు, ఆ చచ్చిన పశువు మాంసం. మాంసం వదులుకోవడమంటే కూలిలో ఒక భాగం వదులుకోవడమే. నాట్లప్పుడో కోతలప్పుడో ఆదివారం పనికి రానంటే రైతుకు కోపం రాక మానదు. జాతరలో డప్పు కొట్టనంటే ఊరంతటికీ కోపం. బావి దగ్గరకు రానివ్వకపోవడం, కల్లంలో గింజలు ఆపేయడం, కొట్టడం, లేనిపోని కేసులు పెట్టడం, ఇవన్నీ జరిగాయి. సొంత పేటలోని పెద్దలే ముందు ఎదురుతిరిగిన ఊళ్ళూ ఉన్నాయి. అయినా 1867 నుంచి కరువు దాకా ఈ పదేళ్ళలో మూడు వేలకు పైగా మనుషులు ఈ నియమాల కింద సంఘంలో చేరారు. గంజి కోసం వచ్చారనేవారు ముందు ఈ పదేళ్ళ సంగతి తేల్చాలి. అప్పుడు గంజీ లేదు, పోసేవారూ లేరు. ఉన్నదల్లా నష్టమే.

దీన్ని నడిపిన పద్ధతి కూడా చెప్పుకోదగ్గది. మూడు నెలలకోసారి, పల్లెల్లో తిరిగి బోధించే ప్రసంగీకులందరూ ఒంగోలు చేరేవారు. ఏ ఊళ్ళో ఏం జరిగింది, ఎవరు నిలబడ్డారు, ఎవరు జారిపోయారు, కొత్తగా ఎవరు అడుగుతున్నారు అని ఊరివారీగా చెప్పేవారు. వాక్యం నేర్చుకుని మళ్ళీ నడిచి వెళ్ళిపోయేవారు. జీతం మీదే బతకకుండా పల్లెలవారు పెట్టింది తిని బతకడం కొంత అలవాటు చేశారు. గురువుకు శిష్యులు పెట్టుకోవడం ఆ పేటలకు కొత్తేమీ కాదు గనక అది నడిచింది. బాప్తిస్మం అడిగినవారి గురించి ముందు ఆ ఊరి సంఘ పెద్దలు, ప్రసంగీకుడు సాక్ష్యం చెప్పాలి. చదువు రాని మనిషిని బైబిలు ప్రశ్నలతో తేల్చలేం. ఆదివారం పాటించాడా, చచ్చిన మాంసం మానాడా అన్నది పక్కింటివాడికి తెలుస్తుంది.

1876లో వానలు పోయాయి. మద్రాసు రాజధానిలో 1876-78 కరువు లక్షల మందిని పొట్టన పెట్టుకుంది. ప్రభుత్వ సహాయ పనుల మీద, కరువు పనులు చూడడానికి ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో కూలిని మనిషికి రోజుకు ఒక పౌను గింజలు, పైన కొద్దిపాటి డబ్బు దగ్గరకు దించారు. ఆ తిండితో మట్టి మోయలేరని వైద్యాధికారి కార్నిష్ గట్టిగా వాదించారు. ఇలాంటి రోజుల్లో క్లౌ, తర్వాత బకింగ్‌హామ్ కాలువ అన్న పేరు వచ్చిన తూర్పు తీరపు కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నారు. యవ్వనంలో అమెరికాలో సర్వే పని చేసినవారు గనక కొలతలు ఆయనకు తెలుసు.

కాంట్రాక్టే ఎందుకు? ఇతర కాంట్రాక్టర్ల దగ్గర మేస్త్రీలు మాదిగలను తిట్టి, కొలతలో మోసం చేసి, చివర్లో చేతిలో పెట్టేది తగ్గించేవారు. మట్టిపనిలో మోసమంతా కొలత దగ్గరే ఉంటుంది. ఎన్ని గజాలు తవ్వామో కూలివాడికి తెలియదు, మేస్త్రీ చెప్పిందే లెక్క. క్లౌ తన ముక్కలో ప్రసంగీకులనే మేస్త్రీలుగా పెట్టారు. ఒక్కొక్కరి కింద ఒక్కో ముఠా. పగలు పార, గంప. రాత్రి తాటాకు గుడిసెల మధ్య కూర్చుని మాటలు. తాగడానికి నీళ్ళు లేక బావులు తవ్వుకోవలసి వచ్చింది. కలరా వచ్చింది. దూర దూర తాలూకాల నుంచి వచ్చిన మనుషులు, తమ కులంవాడే, తమ మాట మాట్లాడేవాడే లెక్క సరిగ్గా చూసి డబ్బులు ఇవ్వడం అక్కడ చూశారు. ఈ గుడిసెల దగ్గర విన్న మాట పనులు అయిపోయాక వారితోపాటే పల్లెలకు వెళ్ళింది.

అయితే కరువు ముదిరిన 1877లో క్లౌ బాప్తిస్మాలు ఆపేశారు. పదిహేను నెలల పాటు ఒక్కరికీ ఇవ్వలేదు. కాలువ కూలీ డబ్బు ఆయన చేతిలో ఉంది, తర్వాత లండన్ నుంచి వచ్చిన మాన్షన్ హౌస్ కరువు సహాయ నిధి పంపకమూ ఆయన చేతి మీదుగా జరిగింది. ఎవరు నమ్మి వస్తున్నారు, ఎవరు ఆకలికి వస్తున్నారు అని విడదీయలేనని ఆయన తెలిసే ఆపారు. గంజి ఆరోపణకు నిజమైన జవాబు ఈ పదిహేను నెలలే. అద్భుతం కథ చెప్పేవారు కూడా దీన్ని ఎందుకు వదిలేస్తారో అర్థం కాదు. బహుశా ఎదురుచూపుల్లో చెప్పుకోవడానికి కథ తక్కువ.

1878 జూన్‌లో, సహాయం అయిపోయింది, ఇక ఇచ్చేది ఏమీ లేదని ప్రసంగీకుల ద్వారా కబురు పంపారు. జనం ఆగలేదు. వెల్లంపల్లి తోపులో గుమిగూడారు. వారిని ఊరివారీగా, ప్రసంగీకుల వారీగా కూర్చోబెట్టారు. ప్రసంగీకుల దగ్గర పేర్ల జాబితాలు ఉన్నాయి. అనుమానం ఉన్నవారిని వెనక్కి పంపి, మిగిలినవారి పేర్లు రాసుకున్నారు. జూలై 2న 614 మంది, 3న 2,222, 4న 700. మూడు రోజులకు 3,536.

ఒక్కరోజులో 2,222 మంది అసాధ్యమనేవారు లెక్క వేసి చూడండి. ఉదయం మొదలుపెట్టి, మధ్యాహ్నం ఎండలో ఆపి, మళ్ళీ సాయంత్రం దాకా మొత్తం దాదాపు 9 గంటలు, అంటే 540 నిమిషాలు. అభిషేకం పొందిన ప్రసంగీకులు ఆరుగురు. ఇద్దరేసి చొప్పున నదిలో నిలబడ్డారు, అలసిన జంట గట్టెక్కితే మరో జంట దిగింది. ఒక్కొక్క చోట 1,111 మంది అనుకుంటే మనిషికి సుమారు 29 సెకన్లు. ప్రశ్నలు, పరీక్షలు ముందే అయిపోయాయి. గట్టు మీద జాబితా చూసి పేరు పిలుస్తున్నారు, తర్వాతి మనిషి అప్పటికే నీళ్ళలో ఉన్నాడు, చెప్పవలసింది ఒక్క వాక్యం. తొందరపడకుండానే సరిపోయే సమయం అది. క్లౌ ఆ రోజు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఇచ్చినవారంతా తెలుగువారు. బొమ్మలు గీసేవారు మాత్రం నది మధ్యలో గడ్డం దొరను నిలబెడతారు.

ఆ ఏడాది చివరికి బాప్తిస్మాల లెక్క 9,606కు చేరింది. ఆ తర్వాత చిక్కులూ వచ్చాయి, అవి దాచనవసరం లేదు. వందల ఊళ్ళలో ఇద్దరు ముగ్గురేసి విశ్వాసులు, వారికి చదువు చెప్పేవారు లేరు. రామపట్నంలో 1872లో మొదలైన సెమినరీ ఇంతమందికి బోధకులను తయారు చేయలేకపోయింది. ఇంత వేగంగా చేర్చుకోవడం తప్పని అమెరికాలోని సొంతవారే విమర్శించారు. కొందరు పాత అలవాట్లకు తిరిగిపోయారు. ఒక్క మనిషి చూడలేనంత పెద్దదైన ఒంగోలు క్షేత్రాన్ని 1880లలో కంభం, వినుకొండ, నరసరావుపేట, బాపట్ల వంటి చోట్లకు విడగొట్టారు. నా ఉద్దేశంలో విడగొట్టడం ఇంకా ముందే జరగాల్సింది.

చివరగా ఒక విన్నపం. ఈ చరిత్రలో క్లౌ, జూయెట్ల ఉత్తరాలు అమెరికాలో భద్రంగా ఉన్నాయి. పల్లె ప్రసంగీకుల సంగతి మాత్రం ఇక్కడి సంఘాల పాత రిజిస్టర్లలో, కుటుంబ బైబిళ్ళ మొదటి పుటల్లో, సమాధి రాళ్ళ మీద వెతుక్కోవాలి. మీ చర్చి బీరువాలో అలాంటి పుస్తకం ఉంటే దయచేసి లామినేషన్ చేయించకండి. వేడికి సిరా పోతుంది, ప్లాస్టిక్ మళ్ళీ ఊడదు. చిరిగిన చోట సెలోటేపు వేయకండి, కొన్నేళ్ళకు ఆ జిగురు పసుపు మరకై కాగితాన్ని తినేస్తుంది. నిలబెట్టకుండా పడుకోబెట్టి, ఉతికిన నూలు గుడ్డలో చుట్టి, గోడకు తగలకుండా ఎత్తులో పెట్టండి. చెదలు గోడ వెంబడే వస్తాయి. పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ప్రతి పుటా ఫోన్‌తో ఫొటో తీయండి. ఊరు పేరు, రిజిస్టరు సంవత్సరం ఒక చీటీ మీద రాసి ప్రతి పుట పక్కనా పెట్టి తీయండి. అలా చేయకపోతే ఫోన్లో మూడు వందల ఫొటోలు పోగవుతాయి గానీ ఏది ఏ ఊరిదో తర్వాత చెప్పేవారు ఉండరు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఒంగోలు