పిన్ని తెచ్చిన పులిహోర

రాయగడ,
ఆదివారం రాత్రి

ఒరేయ్ మిత్రమా,

జవాబు ఆలస్యమైందని తిట్టుకోకు. ఒక గిన్నెడు పులిహోర గురించి పదిహేను రోజులుగా మల్లగుల్లాలు పడుతున్నాను. నవ్వకు.

మా పక్కింటి పిన్ని నీకు తెలుసుగా. అమ్మ మంచాన పడినప్పుడు మూడు నెలలు మా వంటిల్లు నడిపింది. మా ఊరి అమ్మవారు మజ్జిగౌరమ్మకు నైవేద్యం పెట్టి వస్తూ నాకింత ప్రసాదం ఆకులో పెట్టింది. గుమ్మంలో నిలబడే తిన్నాను. సరిగ్గా అప్పుడే మా సంఘంలో కొత్తగా బాప్తిస్మం తీసుకున్న కుర్రాడు పాటల పుస్తకం కోసం వచ్చాడు. ఆకుకు అంటిన కుంకుమ చూసి, మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. మరుసటి ఆదివారం ఆరాధనకు రాలేదు.

సంఘపెద్ద వచ్చి బైబిల్లో అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం తెరిచాడు. విగ్రహాలకు అర్పించినవి ముట్టవద్దని యెరూషలేములో తీర్మానించలేదా అని నిలదీశాడు. నేను అపొస్తలుడైన పౌలును అడ్డం పెట్టుకున్నాను. కొరింథులో బలిమాంసం అంగడికి వచ్చేది, అది ఎక్కడిదని ఆరా తీయకుండా తినమన్నాడు, విగ్రహం వట్టిదన్నాడు అని వాదించాను. గొంతులు లేచాయి.

ఆయన వెళ్ళాక పౌలు రాసిన మొదటి కొరింథీ పత్రిక 8వ అధ్యాయం చివరిదాకా చదివితే నా వాదన నా మెడకే చుట్టుకుంది. తన తిండి వల్ల బలహీనుడైన సహోదరుడు తొట్రిల్లేట్లయితే ఇక మాంసమే తిననన్నాడు పౌలు. ఆ అమ్మవారి గుడికి రానన్నందుకే కుర్రాణ్ని ఇంట్లోంచి పొమ్మన్నారు. నేనేమో గుమ్మంలో వేళ్లు నాక్కుంటున్నాను!

వాడి గదికి వెళ్ళి క్షమించమన్నాను, ఇక తిననని మాట ఇచ్చాను. కానీ పిన్నికి ఏ ముఖంతో చెప్పేది? ప్రసంగాల్లో నొచ్చుకునేవాడు ఎప్పుడూ ఒక్కడే ఉంటాడు. నాకు అటొకరు, ఇటొకరు.

చెప్పే పనే పడలేదు. మధ్యలో ఉన్నది ఒక్క గోడే కదా, మా అరుపులు విన్నట్టుంది. ఇవాళ పొద్దున స్టీలు గిన్నెతో వచ్చి, "అమ్మవారికి పెట్టకముందే నీ వాటా తీసి ఉంచాను నాయనా, ఇది తినొచ్చుగా?" అంది. నైవేద్యం కానిదే ఉప్పు కూడా చూడని మనిషిరా! 8వ అధ్యాయం ఆవిడకు ఎవరు చదివి వినిపించారో.

నా కోసం ఆవిడ నియమం తప్పితే, తినడం న్యాయమేనా? నువ్వు వేదాంత కళాశాలలో చదివినవాడివి, చెప్పు. నీ జవాబు వచ్చేదాకా పులిహోర ఆగదులే. కుర్రాణ్ని కూడా భోజనానికి రమ్మన్నాను. తొమ్మిదవుతోంది, ఇంకా రాలేదు.

నీ
పాత బెంచీ మిత్రుడు