వారంలో వియత్నాం మొత్తం వద్దురా, మధ్యలో ఆగుదాం

ఒరేయ్ శీనూ,

నువ్వు పంపిన ప్లాన్ చూశా. హనోయ్, సాపా, హాలాంగ్ బే, దానాంగ్, సైగాన్, మెకాంగ్, అది చాలదన్నట్టు చివర్లో ఫూక్వాక్ దీవి కూడానా, ఇదంతా ఏడు రోజుల్లోనే! ఆ దేశం ఎంత పొడుగో ఒకసారి మ్యాప్‌లో చూడరా, హనోయ్ నుంచి సైగాన్‌కి రైలు పట్టాలే 1,726 కిలోమీటర్లు. నీ లెక్కన వెళ్తే వారంలో సగం ఎయిర్‌పోర్టుల్లో లగేజీ బెల్టు దగ్గరే అయిపోతుంది. పైగా అమ్మ వస్తానంది కదా, ఆ మోకాళ్ళతో రోజుకో ఊరు, రోజుకో హోటలు అంటే ఆవిడ వల్ల అవుతుందా చెప్పు.

అందుకే నేను అనేది ఏంటంటే, దక్షిణం మొత్తం ఈసారికి వదిలేద్దాం. హనోయ్‌లో దిగి రెండు రోజులు ఉండి, అక్కణ్ణుంచి మధ్య వియత్నాం వెళ్ళిపోయి హ్వే, దానాంగ్, హోయ్ ఆన్, మీసన్ నిదానంగా చూసుకుని దానాంగ్ నుంచి వెనక్కి వచ్చేద్దాం. వెళ్ళేది ఒక ఊరు వచ్చేది ఇంకో ఊరు అయితే టికెట్ కాస్త ఎక్కువ పడొచ్చు గానీ మళ్ళీ హనోయ్ దాకా వెనక్కి వెళ్ళే రోజు మిగులుతుంది, అది పెద్ద లాభం. డైరెక్ట్ ఫ్లైట్ దొరక్కపోతే బ్యాంకాక్ మీదుగానో కౌలాలంపూర్ మీదుగానో చూద్దాం.

ఎప్పుడు అంటావా, ఉగాది అయ్యాక చైత్ర పౌర్ణమి కలిసొచ్చేట్టు. దీనికి కారణం ఉంది. హోయ్ ఆన్‌లో ప్రతి చాంద్రమాసం 14వ రోజు రాత్రి పాత ఊళ్ళో కరెంటు దీపాలు తగ్గించేసి వీధులన్నీ లాంతర్లతో నింపేస్తారు, నదిలో కాగితం దీపాలు వదుల్తారు. వాళ్ళ నెల కూడా మనలాగే అమావాస్య నుంచి లెక్క, కాబట్టి పంచాంగం తీస్తే ఒక రోజు అటూ ఇటూగా దొరికిపోతుంది. ఇంకో లాభం ఏంటంటే నెల మొదటి రోజు, 15వ రోజు అక్కడ బౌద్ధులు చాలామంది మాంసం ముట్టరు, మామూలు బండ్ల మీద కూడా శాకాహారం దొరుకుతుంది, అమ్మకి దిగుల్లేదు. ఆ టైంలో మధ్య వియత్నాంలో వానలు కూడా పెద్దగా ఉండవు, అక్కడ వరదలొచ్చేది అక్టోబర్, నవంబర్‌లో. ఏప్రిల్ నెలాఖరు మాత్రం వద్దు, 30న వాళ్ళ విజయోత్సవం సెలవు, మర్నాడు మేడే, దేశం దేశమంతా బీచ్‌ల మీదే ఉంటుంది.

హాలాంగ్ బే తీసేశానని నీకు కోపం వస్తుందని తెలుసు. కానీ ఆలోచించు, బోటులో రాత్రి పడుకునే ప్యాకేజీ తీసుకుంటే రెండు రోజులు దానికే పోతాయి, పైగా ఆ నెలల్లో ఉత్తరాన మంచు తెర, సన్నటి జల్లు ఎక్కువ, కొండలు కనపడకపోతే అంత డబ్బు పెట్టి ఏం లాభం. దాని బదులు నిన్‌బిన్ వెళ్దాం. హనోయ్‌కి వంద కిలోమీటర్ల లోపే, పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేయొచ్చు. అవే సున్నపురాయి కొండలు, సముద్రంలో కాకుండా వరిచేల మధ్యలో నిలబడి ఉంటాయి. చిన్న పడవలో కూచోబెట్టి కొండల కింద గుహల్లోంచి తీసుకెళ్తారు, తామ్‌కోక్ దగ్గరైతే పడవ నడిపేవాళ్ళు వెనక్కి వాలి కూచుని కాళ్ళతో తెడ్డు వేస్తారు, ఆ వీడియో నీకు ఇందాకే పంపా చూడు. అమ్మకి మెట్లెక్కే పని కూడా ఉండదు.

హనోయ్‌లో మాత్రం పెద్ద లిస్టు పెట్టుకోవద్దు. హోవాన్ కియెమ్ చెరువు చుట్టూ పొద్దున్నే నడుద్దాం, పాత బజారు వీధులు తిరుగుదాం, 1070లో కట్టిన సాహిత్య దేవాలయం చూద్దాం, చాలు. రోడ్డు దాటేటప్పుడు అమ్మ చెయ్యి నువ్వు పట్టుకో. అక్కడ బైకులు ఆగవు, మనమే ఒకే వేగంతో నడుచుకుంటూ పోవాలంట, వాళ్ళే పక్కనుంచి తప్పుకుని వెళ్ళిపోతారు, మధ్యలో భయపడి ఆగినా వెనక్కి అడుగేసినా అప్పుడే ప్రమాదం అంట.

కాఫీ సంగతి చెప్పకుండా ఎలా. మా బాబాయి కొడుకు పోయినేడు అక్కణ్ణుంచి ఫిన్ ఫిల్టర్ తెచ్చిచ్చాడు, గ్లాసు మీద పెట్టుకునే చిన్న స్టీలు గిన్నె, అడుగున చిల్లులు. పొడి వేసి పైన బిళ్ళ నొక్కి ముందు ఒక చెంచా వేడినీళ్ళు పోసి అది ఉబ్బేదాకా ఆగాలి, తర్వాత మిగతా నీళ్ళు. ఇక చుక్క చుక్క కింద ఉన్న మిల్క్‌మెయిడ్ మీద పడుతూ ఉంటుంది, తెల్లటి దాని మీద నల్లటి పొర కలవకుండా అలా నిలబడుతుంది. మనమే కలుపుకోవాలి. ఆదివారం సాయంత్రాలు ఇప్పుడు నాకు అదే పని. హనోయ్‌లో గుడ్డు కాఫీ అని ఒకటుంది, 1946లో పాలు దొరక్క ఒకాయన గుడ్డు సొన గిలక్కొట్టి నురగ చేసి వేశాడంట, అది నువ్వు తాగు. హ్వేలో ఉప్పు కాఫీ ఉంది, అది నేనూ అమ్మా తాగుతాం.

హ్వేకి రాత్రి రైల్లో పోదామా ఫ్లైట్‌లోనా నువ్వే చెప్పు. రైలైతే దాదాపు పదమూడు గంటలు, పడుకుని పోవచ్చు. 1802 నుంచి 1945 దాకా న్గుయెన్ రాజులకి రాజధాని ఆ ఊరే, కోట, నది ఒడ్డున ఏడంతస్తుల గుడి, ఊరి బయట రాజుల సమాధులు. గుళ్ళు, సన్యాసులు ఎక్కువ కాబట్టి శాకాహార వంటకి కూడా ఈ ఊరికి పేరుంది. బోర్డు మీద చాయ్ అని ఉంటే శాకాహారం అని అర్థం, అమ్మకి ఆ అక్షరాలు ముందే రాసిద్దాం, ఎందుకంటే మామూలు హోటల్లో కూరగాయల కూర అడిగినా అందులో చేపల సాస్ పడుతుంది. హ్వే నుంచి దానాంగ్‌కి కారు వద్దు, రైలే. వంద కిలోమీటర్లకి రెండున్నర మూడు గంటలు పడుతుంది, కానీ హైవాన్ కొండని చుట్టుకుంటూ సముద్రం పక్కనే పోతుంది. 2024 నుంచి ఈ రెండు ఊళ్ళ మధ్య టూరిస్టుల కోసం వేరే రైలు వేశారు, మధ్యలో లాంగ్ కో దగ్గర కాసేపు ఆపుతారు కూడా. ఎడమ చేతి వైపు కిటికీ సీట్లు తీసుకోవాలి, సముద్రం అటే.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ట్రిప్‌లో నాకు ముఖ్యం మీసన్ రా. హోయ్ ఆన్ నుంచి ఓ నలభై కిలోమీటర్లు, చుట్టూ కొండలు, మధ్య లోయలో శివాలయాలు. ఒకప్పుడు మధ్య వియత్నాం వైపు ఏలిన చంపా రాజ్యం రాజులు కట్టినవి, వాళ్ళ జనాన్నే చామ్‌లు అంటారు. నాలుగో శతాబ్దం చివర్లో భద్రవర్మ అనే రాజు అక్కడ లింగం ప్రతిష్ఠించి తన పేరు కలిసొచ్చేట్టు భద్రేశ్వరుడు అని పేరు పెట్టాడు. ఆ చెక్క గుడి కాలిపోతే తర్వాత శంభువర్మ ఇటుకలతో కట్టించి శంభుభద్రేశ్వరుడు అన్నాడు. ఇది చదవగానే నాకు మన సామర్లకోట గుడే గుర్తొచ్చింది, చాళుక్య భీముడి పేరు మీదే భీమేశ్వరుడు అని మన చిన్నప్పుడు పూజారిగారు చెప్పేవారు చూడు, అదే పద్ధతి సముద్రం దాటి అంత దూరంలో! శాసనాలు సంస్కృతంలో, వాళ్ళ చామ్ భాషలో ఉన్నాయి.

ఒకప్పుడు డెబ్భైకి పైగా కట్టడాలుండేవి. 1969లో అమెరికా వాళ్ళ బి-52 బాంబులకి చాలా కూలిపోయాయి, అన్నిటికంటే గొప్పదైన ఏ1 గోపురం కూడా అప్పుడే పోయింది. బాంబు గుంటలు ఇప్పటికీ గుళ్ళ మధ్యలో గడ్డి మొలిచి కనపడతాయి. నిలిచిన గోడల ఫొటోలు జూమ్ చేసి చూశా, ఇటుకకీ ఇటుకకీ మధ్య సున్నం గీత కనపడదు, గోడ మొత్తం లేచాక దాని మీదే మనుషుల్ని, తీగల్ని చెక్కారు, ఒక్కో బొమ్మ మొహం రెండు మూడు ఇటుకల మీదుగా పోతుంది. 2017 నుంచి మన ఆర్కియాలజీ వాళ్ళే, ఏఎస్ఐ, అక్కడ బాగుచేసే పని చేశారు తెలుసా, 2020లో తవ్వుతుంటే తొమ్మిదో శతాబ్దం ఇసుకరాతి శివలింగం బయటపడింది, లింగం, పీఠం ఒకే రాయి. మట్టిలోంచి సగం పైకి లేచిన ఆ ఫొటో చూసినప్పుడు ఒళ్ళు జలదరించింది. అమ్మకి చూపించాలి దాన్ని. పొద్దున ఆరుకల్లా హోటల్లోంచి బయల్దేరాలి, పది దాటితే ఆ లోయలో ఎండ మామూలుగా ఉండదు. గేటు నుంచి బ్యాటరీ బండి ఉంటుంది కాబట్టి ఆవిడ నడక సగం తగ్గుతుంది.

దానికి ముందు రోజు దానాంగ్‌లో చామ్ శిల్పాల మ్యూజియం చూసెయ్యాలి, 1919లో ఫ్రెంచ్ వాళ్ళు తెరిచింది. మీసన్ నుంచి తెచ్చిన నిలబడ్డ వినాయకుడు అక్కడే ఉన్నాడు. బొమ్మలు ముందు చూస్తే తర్వాత ఖాళీ గుళ్ళు చూసినప్పుడు ఏది ఎక్కడ ఉండేదో మనసులో కూర్చోబెట్టుకోవచ్చు. బానా హిల్స్‌లో రెండు పెద్ద చేతులు మోస్తున్నట్టు కట్టిన వంతెన ఫొటోలు నీకు కావాలంటే ఆఖరి రోజు నువ్వు పొద్దున్నే పోయిరా, మేం బీచ్‌లో ఉంటాం. హోయ్ ఆన్‌లో బాన్ సెయో తప్పకుండా తినాలి, బియ్యప్పిండిలో పసుపు కలిపి పోసిన అట్టే, కాకపోతే మధ్యలో రొయ్యలు, మొలకలు పెట్టి ఆకుల్లో చుట్టుకుని తింటారు. రొయ్యలు లేకుండా కూడా వేస్తారు.

వీసా గురించి జాగ్రత్త. ఈ-వీసా ఒక ఎంట్రీకి 25 డాలర్లే, కానీ గూగుల్ చేస్తే అచ్చం గవర్నమెంటు సైట్‌లా కనపడే ఏజెంట్ల సైట్లు వస్తాయి, మూడింతలు లాగుతారు. అడ్రస్ చివర గవ్ డాట్ వీఎన్ ఉందో లేదో చూసుకునే డబ్బు కట్టు. పేరు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అక్షరం తేడా లేకుండా అలాగే, అమ్మ పాస్‌పోర్టులో ఇంటిపేరు మొత్తం ఉందా పొడి అక్షరమేనా చూడు. దిగే ఎయిర్‌పోర్టు హనోయ్, వెనక్కి బయల్దేరేది దానాంగ్ అని సరిగ్గా నొక్కు. డబ్బు విషయంలో, మన రూపాయికి వాళ్ళ డాంగ్‌లు మూడొందలు అటూ ఇటూగా. ఇరవై వేల నోటు, ఐదు లక్షల నోటు రెండూ నీలంగానే ఉంటాయి, రాత్రిపూట బండి దగ్గర తీసేటప్పుడు సున్నాలు చూసి తియ్యి. అక్కడ టాక్సీ పిలవడానికి గ్రాబ్ యాప్ ఇక్కడే వేసుకుని ఓటీపీ అదీ పూర్తిచేసుకో.

సరే, ముందు అమ్మ పాస్‌పోర్టు మొదటి పేజీ ఫొటో తీసి రేపటికల్లా పంపు, నీది కూడా. సెలవు చీటీ ఈ వారమే ఇచ్చెయ్యి, పౌర్ణమి రోజులకి హోయ్ ఆన్‌లో పాత ఊరికి దగ్గర్లో రూములు అయిపోతాయి, నేను ఆదివారం కూచుని బుక్ చేసేస్తా. అమ్మకి కింద అంతస్తులో రూమ్ అడుగుతా.

నీ
రవి