చీర్‌లీడింగ్ పరువు తక్కువ పనేం కాదండి

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో ఒక పెద్దావిడ ఉత్తరం చదివాను, అమెరికాలో ఉన్న మనవరాలు స్కూల్లో చీర్‌లీడింగ్‌లో చేరతానంటే ఇంట్లో గొడవైందని, వేరేవాళ్ళు ఆడుతుంటే మన పిల్ల పక్కన నిలబడి ఎగరడమేంటని బాధపడ్డారు. ఆవిడ బాధ నాకర్థమైంది, మనకి తెలిసిన చీర్‌లీడర్లంటే 2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు ఫోర్ కొట్టగానే టీవీలో చూపించినవాళ్ళే కదా. నాది తెనాలి, డాలస్ దగ్గర ఒక మిడిల్ స్కూల్లో లెక్కలు చెప్తాను, రెండేళ్ళ క్రితం మా స్కూల్లో కొత్తగా చీర్ టీమ్ పెడుతూ నన్ను కోచ్‌గా ఉండమన్నారు. అందుకే లోపల అసలేం జరుగుతుందో ఆవిడకి చెబుదామని రాస్తున్నా, కాస్త పెద్దదైనా వేసుకోండి.

ముందు ఒక మాట, ఇది ఆడపిల్లలతో మొదలైంది కాదు. 1898లో మిన్నెసోటా యూనివర్సిటీలో జానీ క్యాంప్‌బెల్ అనే స్టూడెంట్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో జనం ముందుకొచ్చి అందరిచేత ఒక్క గొంతుతో అరిపించాడు, అక్కడ మొదలైందంటారు. ఆడపిల్లలు వచ్చింది 1920ల్లో. తర్వాత ప్రెసిడెంట్ అయిన ఐసెన్‌హోవర్ కూడా మోకాలు దెబ్బతిని ఆట మానాక మిలిటరీ కాలేజీలో చీర్‌లీడర్‌గా చేశారు. మా టెక్సస్‌లోనే 1948లో లారెన్స్ హెర్కిమర్ అనే ఆయన హంట్స్‌విల్‌లో మొదటి క్యాంపు పెట్టారు, వచ్చింది 52 మంది అమ్మాయిలు ఒక్క అబ్బాయి, ఇప్పటికీ పిల్లలు వేసే ఒక జంప్‌ని ఆయన పేరుతో హెర్కీ అనే పిలుస్తారు.

మా టీమ్‌లో 16 మంది, ఇద్దరు అబ్బాయిలు, ఒక్కళ్ళకీ ఇంతకుముందు అలవాటు లేదు. పొద్దున్న ఆరూ ముప్పావుకి జిమ్‌లో మొదటి ప్రాక్టీస్, అరవండి అంటే ఒక్క గొంతూ లేవలేదు, పన్నెండు పదమూడేళ్ళ వయసు కదా, పక్కవాళ్ళు ఏమనుకుంటారో అన్న భయమే వాళ్ళకి అన్నిటికంటే పెద్దది. మొదటి రెండు వారాలు నేను ఒకళ్ళనొకళ్ళు ఎత్తి నిలబెట్టే స్టంట్లు గింట్లు ఏమీ చెప్పలేదు, వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట మీద చెయ్యి పెట్టించి గాలి పీల్చి పొట్టలోంచి మాట అనిపించా, గొంతుతో అరిస్తే మ్యాచ్‌లో ఉండే నాలుగు భాగాల్లో రెండో క్వార్టర్‌కే బొంగురుపోతుంది. తర్వాత ఎనిమిది లెక్క, చీర్‌లో చెయ్యి ఎత్తినా కాలు కదిపినా అంతా ఒకటి నుంచి ఎనిమిదిలోనే ఉంటుంది. చిన్నప్పుడు మా వీధిలో శ్రీరామనవమికి కోలాటం వేసేవాళ్ళం, గురువుగారు తాళం కొట్టి ఒక్క అడుగు తప్పితే మొత్తం ఆపించి మళ్ళీ మొదటి నుంచి వేయించేవారు, నాకు చీర్ రాదని భయపడినప్పుడు ఆ పద్ధతే చేతికొచ్చింది.

ఆట తెలియకుండా అరవడం కూడా తప్పే. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి మన చేతిలో ఉన్నప్పుడు డిఫెన్స్, అంటే అడ్డుకోండి అని అరిస్తే అర్థమే లేదు, మన ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ తన వాళ్ళకి కేక పెట్టి చెప్పే టైమ్‌లో మనం గోల చేస్తే మనవాళ్ళకే వినపడదు, ఎవరికైనా దెబ్బ తగిలి పడిపోతే అవతలి టీమైనా సరే మోకాలి మీద కూర్చుని నిశ్శబ్దంగా ఉండాలి. కబడ్డీలో రైడర్ కూత పెట్టి వెళ్తుంటే మన ఊళ్ళో జనం ఎక్కడ ఊపిరి బిగబడతారు ఎక్కడ కేక వేస్తారు, అది తెలియాలన్నమాట. మూడు రోజులు బోర్డు మీద బొమ్మలేసి రూల్సే చెప్పాను, అబ్బాయిల కంటే మా అమ్మాయిలకే ముందు వచ్చేసింది.

ఇంక స్టంట్ల సంగతి. అందరికీ పైకెక్కే ఫ్లయర్ అవ్వాలనే ఉంటుంది, కింద పట్టుకునే బేస్ అని చెప్పగానే కొందరి మొహాలు వాడిపోయాయి, ఒక పిల్లయితే నేను లావుగా ఉన్నాననా మిస్ అని అడిగింది, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాటి నుంచి ఫ్లయర్‌తో సహా అందరిచేతా ముందు బేస్ నేర్పించా, బరువు మాట ఎత్తనివ్వలేదు, ఎవరి బరువూ చూడలేదు ఎప్పటికీ చూడను, ఆ వయసు పిల్లలు ఒక్క మాటకి తిండి మానేస్తారు. స్టంట్‌లో బ్యాక్ స్పాట్ అని ఇంకొకళ్ళుంటారు, వెనక నిలబడి ఫ్లయర్ మడమలు పట్టుకుని, తల మెడ నేలకి తగలకుండా చూసే మనిషి. మా టీమ్‌లో లెక్క చెప్పేది ఆ మనిషే, ఆ గొంతు విన్నాకే మిగతావాళ్ళు కదలాలి. మా దాంట్లో అస్సలు మాట్లాడని తెలుగమ్మాయి ఒకతి ఉంది, పొడుగు పిల్ల, వాళ్ళ నాన్నగారు మొదట్లో ఫోన్ చేసి మా అమ్మాయి ఇలాంటివి చేస్తే చుట్టాలకి ఏం చెప్పుకోవాలండీ అన్నారు. ఒక్క ప్రాక్టీస్‌కి వచ్చి చూడండి తర్వాత మీ ఇష్టం అన్నాను. ఆ పిల్లని బ్యాక్ స్పాట్‌లో పెట్టా, నువ్వు గట్టిగా చెప్పకపోతే పైనున్న పిల్ల పడుతుంది అని చెప్పా, అంతే, ఆ ఒక్క మాటకి గొంతు లేచింది. ఆయన గోడకానుకుని గంటసేపు చూసి ఏమీ అనకుండా వెళ్ళిపోయారు, మర్నాడు పర్మిషన్ ఫారం సంతకంతో వచ్చింది.

నేను చేసిన తప్పు కూడా రాయాలి. అక్టోబర్‌లో ఒకరోజు థై స్టాండ్, అంటే కింద ఇద్దరి తొడల మీద ఫ్లయర్ నిలబడే చిన్న స్టంటే, బాగా వచ్చేసిందని నేను పక్క గుంపు వైపు తిరిగా, బేస్‌లో ఒకమ్మాయి నవ్వి కదిలింది, ఫ్లయర్ జారింది. వెనకమ్మాయి పట్టుకుంది కాబట్టి మడమ బెణకడంతో సరిపోయింది, లేకపోతే ఏమయ్యేదో. రెండు వారాలు స్టంట్లు పూర్తిగా ఆపేశా, పేరెంట్స్ అందరికీ నేనే ఫోన్ చేసి జరిగింది చెప్పా. అప్పటి నుంచి ఒకేసారి రెండు గుంపులు పైకెక్కడం లేదు, కింద జిమ్‌లో వేసే మెత్తటి చాప లేకుండా కొత్తది ఏదీ లేదు, కింది మెట్టు తప్పులేకుండా వరసగా వచ్చేదాకా పై మెట్టు లేదు. గాల్లోకి విసిరి పట్టుకునే బాస్కెట్ టాస్ మిడిల్ స్కూల్ పిల్లలకి రూల్స్‌లోనే నిషేధం, వీడియోలు చూసి అడుగుతారు, నేను ఒప్పుకోను. అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 2012లోనే చీర్‌లీడింగ్‌ని స్పోర్ట్‌గా గుర్తించమని చెప్పింది, అలా గుర్తిస్తేనే మిగతా ఆటల్లాగా ట్రైనర్లు, డాక్టర్ చెకప్, సరైన ప్రాక్టీస్ స్థలం అన్నీ వస్తాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ కూడా 2021లో చీర్ సంఘాన్ని పూర్తిగా గుర్తించింది. పేరు కోసం కాదండీ, పిల్లల మెడలూ మోకాళ్ళూ కాపాడటానికి ఆ గుర్తింపు కావాలి.

మా ఫుట్‌బాల్ టీమ్ ఆ సీజన్‌లో దాదాపు అన్నీ ఓడిపోయింది. ఓడిపోతున్న టీమ్‌కి, నలభై మంది జనం ఫోన్లు చూసుకుంటుంటే, వాన తుంపర్లో నిలబడి అరవాలంటే పిల్లలకి మనసెలా వస్తుంది? గుడ్ జాబ్ గుడ్ జాబ్ అని ఊరికే అంటే పిల్లలు ఇట్టే పట్టేస్తారు. అందుకని ప్రాక్టీస్ అయ్యాక గుండ్రంగా కూర్చోబెట్టి ప్రతివాళ్ళూ పక్కవాళ్ళు ఈరోజు చేసిన ఒక్క పని చెప్పాలని పెట్టా, నీ మోచెయ్యి ఇవాళ వంగలేదు, నేను లెక్క మర్చిపోతే నువ్వు అందుకున్నావు, ఇలాంటివి. నవంబర్ వచ్చేసరికి ప్రాక్టీస్ ఎగ్గొట్టే పిల్ల లేదు. వాళ్ళంతట వాళ్ళే వచ్చి అమ్మాయిల వాలీబాల్‌కి చూడ్డానికి ఎవరూ రావట్లేదు మిస్, మనం వెళ్దామా అన్నారు, వెళ్ళాం, ఆ వాలీబాల్ పిల్లలు సర్వ్ చేసే ముందు మావాళ్ళ వైపు తిరిగి చూడటం నేను మర్చిపోలేను.

ఆ ఉత్తరం రాసిన పెద్దావిడకి నేను చెప్పేది ఇదే అమ్మా, మనవరాల్ని చేరనివ్వండి, కానీ మీ అబ్బాయిని కోడల్ని స్కూల్‌కి వెళ్ళి నాలుగు విషయాలు అడగమనండి, కోచ్‌కి సేఫ్టీ ట్రైనింగ్ ఉందా, స్టంట్ చేసేటప్పుడు కింద చాప ఉంటుందా, వెనక పట్టుకునే మనిషి ప్రతిసారీ ఉంటారా, దెబ్బ తగిలితే ఎవరు ఏం చేస్తారో రాసిపెట్టారా అని. సరైన జవాబు రాకపోతే ఒప్పుకోకండి. వీడియో కాల్‌లో చూపిస్తానంటే చేతుల మోషన్స్ చూపించమనండి, ఇంట్లో టైల్స్ మీద చెల్లెల్ని భుజాలెక్కించుకుని మాత్రం చెయ్యనివ్వకండి.

ఇట్లు,
ఒక లెక్కల టీచర్, డాలస్, టెక్సస్